ఖాళీ గాజు మీద చుక్కలు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. ఒక్క అణువును నిజంగా చూశారా మేడం, అని. చూశాను. పాతికేళ్ళు చూశాను. చీకటి గదిలో కూర్చుని తెర మీద చుక్కలను లెక్కపెట్టడమే నా ఉద్యోగం. కానీ ఆ పాతికేళ్ళలో అణువుల కంటే ఎక్కువగా నేను చూసింది నా పక్క బల్ల మనిషిని. అతనికి ఏం వస్తోంది, నాకు ఏం రావడం లేదు, అని. మా రంగం పుస్తకాల్లో ఈ సంగతి ఎక్కడా ఉండదు కాబట్టి నేను రాస్తున్నాను.

మాది లింగాల ఘనపూర్. భూములున్న ఇల్లు, మాట చెల్లే ఇల్లు. పెళ్ళయ్యాక జనగామలో స్థిరపడ్డాం. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో ఉద్యోగం; దాని పేరుతో మీకు పనిలేదు. పొద్దున రైలెక్కి పోయి సాయంత్రం రైల్లో తిరిగి వచ్చేదాన్ని. పైకి ఎట్లా ఎదిగానో, ఏ కమిటీల్లో కూర్చున్నానో చెప్పను. అవి చదివి ఎవరూ ఏమీ నేర్చుకోరు.

పని అంటే ఏమిటి

రంగులు మీకు తెలిసినవే. బట్టలకు అద్దేవి, అగరుబత్తి పుల్లలకు పూసేవి. వాటిలో రోడమిన్ అని ఒక గులాబీ రంగుంది. బజార్లో దొరుకుతుంది, మా బల్ల మీదా ఉంటుంది. పరికరం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి రోజూ మేం వాడేది అదే.

ఇట్లాంటి రంగు మీద ఆకుపచ్చ లేజరు వెలుతురు పడితే, అది ఆ వెలుతురును మింగి నారింజ వెలుతురును బయటికి వదులుతుంది. దాన్నే ప్రతిదీప్తి అంటారు. సీసాలో రంగు మెరిస్తే అది కోట్లాది అణువుల గుంపు మెరుపు. గుంపు ఎప్పుడూ నిలకడగానే కనిపిస్తుంది. ఆ రంగును నీళ్ళలో పలుచన చేసి, అందులో ఒక్క చుక్క తీసి మళ్ళీ పలుచన చేసి, అట్లా చేసుకుంటూ పోతే చివరికి గాజుపలక మీద అణువులు దూరదూరంగా పడతాయి. విడిగా చూస్తే ఏదీ నిలకడగా ఉండదు. వెలుగుతుంది, ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది. కాసేపటికి ఒక్క దెబ్బతో ఆరిపోయి మళ్ళీ లేవదు. మెట్టు మెట్టుగా తగ్గుతూ ఆరిపోతే అది ఒక్క అణువు కాదు, రెండో మూడో కలిసి ఉన్నాయని అర్థం.

ఇది తెలియక నా మొదటి సంవత్సరం మట్టి కొట్టుకుపోయింది. మినుకుమినుకుమనేవన్నీ చెడిపోయిన అణువులనుకుని పక్కన పెట్టి, నిలకడగా వెలిగేవాటినే కొలిచాను. వందలకొద్దీ కొలతలు తీసుకుని మా పెద్దాయన ముందు పెట్టాను. ఆయన రెండు నిమిషాలు చూసి, మీరు ఇన్నాళ్ళూ కొలిచింది దుమ్మునమ్మా అన్నారు. అణువులన్నిటినీ నేనే ఏరి పారేశాను.

మూర్తి గారు

ఆ పెద్దాయన మూర్తి గారు. కోస్తా మనిషి. ఆయన దగ్గర నేర్చుకున్నది ఇంకెక్కడా నేర్చుకోలేదు, ముందు ఆ మాట చెప్పాలి. ఆయన నియమం ఒక్కటే. ముందు ఖాళీ గాజు. ఏ రంగూ వేయని ఉత్త గాజుపలకను పరికరం కింద పెట్టి చూడాలి. తెర నల్లగా ఉంటేనే ఆ రోజు పని మొదలు. ఖాళీ గాజు మీదే చుక్కలు కనిపిస్తే, ఆ తర్వాత మీరు చూసే ఏ చుక్కా మీ అణువని చెప్పలేరు.

ఆయనలో నచ్చనిది మా మాట మీద ఆయన నవ్వు. మీ యాసలో చెబితే అణువు కూడా బెదిరి ఆరిపోతుందండీ, అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. నవ్వి నవ్వి నా మాట మార్చుకున్నాను. పరిశోధనశాలలో వచ్చామండీ, చూశామండీ. సాయంత్రం రైలు ఘట్‌కేసర్ దాటినంక వచ్చినం, చూసినం. పదిహేనేళ్ళు రెండు నాలుకలతో బతికాను.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం రోజులు మొదలయ్యాక ఆయన నవ్వడం మానేసి నోటీసు పెట్టారు. రాజకీయాలు గేటు బయట వదిలి రావాలి, జెండాలూ కండువాలూ లోపలికి తేకూడదు, ఉద్యమం పేరుతో పనికి అంతరాయం కలిగితే కాంట్రాక్టు వాళ్ళను తీసేస్తాం, అని. గాజు సామాను కడిగే ఇద్దరు ఆడవాళ్ళు, కరెంటు పని చూసే అతను, ఇంకా ముగ్గురు నలుగురు, అందరూ మా వైపు వాళ్ళే, అందరూ కాంట్రాక్టే. నా ఉద్యోగం మాత్రం పర్మినెంటు.

కిషన్

కిషన్ కూడా కాంట్రాక్టు మీదే వచ్చాడు. మహబూబాబాద్ దగ్గర తండా. మేమంతా మానుకోట అంటాం. ఇంట్లో లంబాడీ భాష, బయట మా తెలుగు. ఇంగ్లీషు చదువంతా చదివినా ఆ తెలుగును అతను మార్చుకోలేదు. మొదటి రోజు మూర్తి గారితోనే, సార్, గీ అద్దం జర వంకరున్నది, గందుకే ఎలుగు సక్కగ పడ్తలేదు, అన్నాడు. గది మొత్తం నవ్వింది. అతను ఆ అద్దాన్ని సరిచేశాడు, వెలుతురు రెట్టింపయింది. ఆ తర్వాత అతని గీలూ గాలూ మూర్తి గారు బుద్ధిగా విన్నారు. నేను నాలుక మెలిపెట్టుకున్న పదిహేనేళ్ళూ వృథా అయ్యాయని నాకు ఆ రోజే తెలిసింది. కడుపు మండింది. ఇది దాచను.

అంతకంటే ఎక్కువ మండించినవి అతని గాజుపలకలు. అందరం ఒకే పెట్టెలోవి తీసుకుంటాం, ఒకే ఆమ్లంలో నానబెడతాం, ఒకే నీళ్ళతో కడుగుతాం. నా ఖాళీ గాజు మీద నాలుగైదు చుక్కలు తప్పకుండా ఉండేవి; వాటిని లెక్కలోంచి తీసేసి పని నడుపుకునేదాన్ని. అతనిది చూస్తే బావిలోకి చూసినట్టు నలుపు. కిషన్ గాజు చూడండి, అని మూర్తి గారు కొత్తవాళ్ళకు చూపించేవారు. నాకు అది వినిపించని చోటు కావాలనిపించేది. ఎట్లా కడుగుతున్నావని అడగొచ్చు కదా అంటారేమో. అతను నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నన్ను అక్కా అని పిలిచేవాడు. అడగడానికి నాకు నోరు రాలేదు.

వాళ్ళన్న భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఒకసారి తమ్ముడి పని చూస్తానని వచ్చాడు. చీకటి గదిలో కాసేపు నిలబడి, మేము గూడ చీకట్లనే పనిచేస్తం, కాకుంటే మాది జర పెద్ద చీకటి, అన్నాడు. ఆ రోజు అందరం మనస్ఫూర్తిగా నవ్వాం. ఆ మాట నా తమ్ముడు అని ఉంటే బాగుండు అనిపించింది. అసూయ ఎంత చిన్న వాటి మీదికి పోతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కిషన్ పట్టుకున్న సమస్య చిన్నది కాదు. రంగు అణువును గాలిలోని ఆక్సిజన్ చంపుతుంది. ఆక్సిజన్‌ను తీసేస్తే అణువు తొందరగా చావదు, కానీ వెలగని ఒక స్థితిలో ఇరుక్కుపోతుంది, ఎంతసేపటికీ బయటికి రాదు. చంపేదీ ఆక్సిజనే, ఆ ఇరుకులోంచి లాగేదీ ఆక్సిజనే. కాబట్టి ఆక్సిజన్‌ను తీసేసి, లాగే పని ఇంకో పదార్థానికి అప్పజెప్పాలి. బయటి దేశాల్లో చాలామంది దీని మీదే కూర్చున్నారు. కిషన్ ఏడాదిన్నర రకరకాల పాళ్ళు కలిపి చూసి, మా దగ్గరున్న ఒక ఎర్ర రంగుకు సరిపోయే పాకం పట్టుకున్నాడు. క్షణాల్లో ఆరిపోయే అణువులు నిమిషాల తరబడి, మినుకుమనకుండా వెలిగాయి. నేను తెర ముందు నిలబడి చూశాను. అంత అందమైనది నా చేతుల మీదుగా ఎప్పుడూ రాలేదు.

మూర్తి గారు బయటి నుంచి ఇద్దరు నిపుణులను పిలిపించారు. వాళ్ళ ముందు కిషన్ ప్రయోగం చేసి చూపించాలి. అది కుదిరితే అతని కాంట్రాక్టు ముగిసే లోపే పర్మినెంటు చేయిస్తానన్నారు. కుదరకపోతే కాంట్రాక్టు ఆ నెలాఖరుతో సరి.

గులాలు

రాష్ట్రం ఇస్తున్నామన్న ప్రకటన వచ్చిన మర్నాడు జనగామ చౌరస్తాలో నిలబడడానికి చోటు లేదు. డప్పులు, ఆడవాళ్ళ బతుకమ్మ ఆటలు, ఎక్కడ చూసినా గులాలు. ఎవరో తెలియని అవ్వ ఒకామె నన్ను పట్టుకుని, మనదైంది బిడ్డా, అని పిడికెడు గులాలు నా నెత్తిన పోసింది. ఏడ్చాను. నా మాట నాకు తిరిగి వచ్చినట్టనిపించింది.

అక్కడి నుంచే రైలెక్కాను. ఎందుకు పోయానో నిజం చెబుతాను. ఆ రోజు పరిశోధనశాలలో ఎవరూ ఉండరని తెలుసు. అందరూ ఊరేగింపుల్లో ఉంటారు. కిషన్ గాజుపలకల సంగతేమిటో ఎవరూ చూడకుండా తేల్చుకోవచ్చు.

కిషన్ మాత్రం పండగకు పోకుండా లోపలే ఉన్నాడు. నేను పోయేసరికి అన్నానికని కిందికి దిగాడు. ముఖం, చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను. నీళ్ళలో గులాబీ రంగు పోయేదాకా కడిగాను. తొడుగులు వేసుకున్నాను. అతని బల్ల దగ్గరికి పోయి, నిపుణుల కోసం కడిగి ఆరబెట్టి మూత పెట్టుకున్న డబ్బా తెరిచాను. వంగి, ఒక్కో పలకనూ వెలుతురుకు పట్టి చూశాను. వాసన కూడా చూశాను. రెండు పలకలు తీసి నా డబ్బాలో వేసుకున్నాను. పక్కనున్న నీళ్ళ సీసా మూత తీసి అందులోకీ తొంగి చూశాను. నాకేమీ అర్థం కాలేదు.

తిరిగి నా బల్ల దగ్గర కూర్చున్నాక కిషన్ వచ్చాడు. నన్ను చూసి సంబరపడ్డాడు. నెత్తిల గులాలు అట్లనే ఉన్నదక్కా, తల దులుపుకోలేదా, అన్నాడు. నేను నవ్వి కొంగుతో తుడుచుకున్నాను.

చేతులకు తొడుగులుంటాయి. తలకు మేము ఏమీ కట్టుకునేవాళ్ళం కాదు. జుట్టులో గులాలు పెట్టుకుని తెరిచిన డబ్బా మీదికి వంగిన శాస్త్రవేత్త నాకు తెలిసి నేనొక్కదాన్నే.

నిపుణులు వచ్చిన రోజు

ఆ తర్వాత కొద్ది రోజులకే రాష్ట్రం ఇస్తామన్న మాట వెనక్కి పోయింది. ఊళ్ళన్నీ మళ్ళీ బంద్. నిపుణులు ఆ వారమే వచ్చారు. కిషన్ నియమం ప్రకారం ముందు ఖాళీ గాజు పెట్టాడు. తెర మీద చుక్కలు వచ్చాయి. నాలుగో ఐదో కాదు, కొన్ని వందలు.

ఇంకో పలక తీశాడు. అదీ అంతే. మూడోది. ఒక నిపుణుడు ఆ చుక్కల వెలుతురును రంగుల వారీగా విడగొట్టి చూడమన్నాడు. గీత తెర మీదికి రాగానే పోల్చుకున్నాను. రోజూ చూసే గీత అది. రోడమిన్. గులాలుకు ఆ రంగునిచ్చేది కూడా రోడమినే.

గదిలో మిగతావాళ్ళు దాన్ని వేరుగా అర్థం చేసుకున్నారు. పరికరం సరిచూసే రోడమిన్ సీసా మా అందరి బల్లల మీదా ఉంటుంది. కిషన్ అజాగ్రత్తగా ఆ రంగును తన పలకలకు అంటించుకున్నాడని తేల్చారు. ఈ చుక్కల మధ్య నీ అణువులు ఏవో, నిమిషాల తరబడి వెలిగింది ఏదో ఎట్లా నమ్మాలి, అన్నారు. వాళ్ళ మాట తప్పు కాదు, వాళ్ళ స్థానంలో నేనున్నా అదే అంటాను. మూర్తి గారు మాత్రం అందరి ముందూ, ఈ గొడవల్లో పడి పని మీద శ్రద్ధ పోయింది, అన్నారు. నిజానికి ఆ గొడవల్లోకి పోని మనిషి అతనొక్కడే.

అప్పుడు నేను ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నాకు ఉద్యోగం పోయేది కాదు. మందలింపు, నాలుగు రోజుల సిగ్గు. నోరు పెగల్లేదు అని రాయాలని ఉంది కానీ అది అబద్ధం. నోరు బాగానే ఉంది. అతని ఖాళీ గాజు మీద చుక్కలు చూసినప్పుడు భయంతో పాటు నాకు చల్లగా కూడా అనిపించింది. ఆ చల్లదనమే నన్ను కూర్చోబెట్టింది.

నెలాఖరుకు కిషన్ వెళ్ళిపోయాడు. పోయేముందు తన నోటుపుస్తకాలు నా బల్ల మీద పెట్టి, పాళ్ళన్నీ గిండ్ల రాసినక్కా, నువ్వు నడిపియ్యి, అన్నాడు. నడిపించాను. ఆ పాకంతో వ్యాసం వచ్చింది. నా పేరు మొదట, అతని పేరు మూడోది. బయటి దేశం వాళ్ళ వ్యాసం మాకంటే ముందే వచ్చేసింది, అది వేరే కథ. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఆ పరికరానికి పెద్దగా నేనే ఉన్నాను. నా ఖాళీ గాజు మీద నాలుగైదు చుక్కలు చివరిదాకా ఉన్నాయి.

తొర్రూరు

రిటైరైన ఏడాది తొర్రూరు పోయాను. కిషన్ అక్కడ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడని తెలుసు. మూర్తి గారు అప్పటికి లేరు. భయపడడానికి ఎవరూ మిగలలేదు కాబట్టి వెళ్ళాను, అందులో నా గొప్పేమీ లేదు.

ల్యాబ్ గదిలో నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. జుట్టు నెరిసింది. నేను దారి పొడుగునా కూర్చుకున్న మాటలు మొదలుపెట్టాను. ఆ రోజు నీ డబ్బా తెరిచింది నేనే కిషన్, అన్నాను. అతను నన్ను మొత్తం చెప్పనివ్వలేదు. బీరువా తెరిచి అగ్గిపెట్టె ఒకటి తీశాడు. అందులో కాగితం మడతలో ఒక గాజుపలక. దాని మూలన నల్లటి మచ్చ.

"నిపుణులు పోయినంక డబ్బ అడుగు చూసినక్కా. పొడి ఉండె. మామూలు సూక్ష్మదర్శిని కింద పెడితే మక్క పిండి. సీసల ఉండే రోడమిన్‌ల పిండి ఎందుకుంటది? అయోడిన్ చుక్క ఏసిన, నల్లగైంది."

గులాలు అంటే రంగు కలిపిన మొక్కజొన్న పిండే. పిండి మీద అయోడిన్ వేస్తే నలుపు తిరుగుతుందని ఇంటర్ పిల్లలకూ తెలుసు. కోట్ల విలువ చేసే పరికరం ముందు కూర్చున్న మా అందరికీ ఆ చుక్క తట్టలేదు. లోపల ఆ రోజు ఉన్నది మేమిద్దరమే. నెత్తిన గులాలు ఉన్నది నాకే. అతనికి ఇది తెలిసేసరికి కాంట్రాక్టు ముగియడానికి ఇంకా పది రోజులున్నాయట.

ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతులో కోపం ఉంది. అతని మీద నాకు కోపమెందుకో ఇప్పటికీ చెప్పలేను.

"చెప్తే ఏమైతుండె? నీకేం కాకపోతుండె, నీది పర్మినెంటు. గాజు కడిగే అక్కలను, కరెంటు అన్నను అందరిని ఎల్లగొడుతుండె సారు. గులాలు లోపటికి తెచ్చిన్రని. నా ఒక్కని కొలువు కోసం అందరి మీదికి తేవాల్నా?"

క్షమించమని అడిగాను. అతను తలాడించాడు, అయిపాయె తీయక్కా అన్నాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు.

లేవబోతూ, ఎన్నో ఏళ్ళుగా లోపలున్న ప్రశ్న నా నోటి నుంచి జారిపోయింది. ఇంతకీ నీ గాజుపలకలు అంత శుభ్రంగా ఎట్లా ఉండేవి కిషన్, అన్నాను.

అతను నా వైపు వింతగా చూశాడు.

"ఆరబెట్టేటప్పుడు ఫ్యాన్ బంద్ చేస్తుంటి. గంతే. అడిగితే గా రోజే చెప్తుంటి గదక్కా."

జనగామ బస్సులో కిటికీ పక్క కూర్చున్నాను. నాకు ముందు కలగాల్సింది సిగ్గు. అది తర్వాత, పాలకుర్తి దాటాక వచ్చింది. ముందు వచ్చింది అసూయే. అడిగితే చెప్తుంటి అన్న మాట అంత తేలిగ్గా అనగలిగినందుకు అతని మీద అసూయ.